ఉస్తాద్ రాస్తే పిల్లలూ రాస్తారు

ఇది మా చిన్ననాటి మాట. అప్పట్లో మా వీధిలో నాలుగైదు ఇళ్ల మగవాళ్లు కువైట్‌కో, దుబాయికో, సౌదీకో పనికి వెళ్లి ఉండేవారు. ఇళ్లల్లో ఫోన్లు లేని రోజులవి. నెలకో, రెండు నెలలకో అక్కడి నుంచి ఒక ఉత్తరం వచ్చేది. ఇక్కడి నుంచి ఒకటి పోయేది. వెళ్లినవారి భార్యల్లో చాలామందికి రాయడం రాదు. అందుకని బడికి వెళ్లే పిల్లలకు మహా గిరాకీ ఉండేది. తొమ్మిదో తరగతి చదువుతున్న మాకు ఆ పని తరచూ తగిలేది.

ఒకనాడు అస్ర్ నమాజు వేళ దాటాక పొరుగింటి ఖాలా ఎయిర్‌మెయిల్ కాగితం తెచ్చి మా ఎదుట కూర్చున్నారు. ఆమె భర్తకు ఉర్దూ మాట్లాడడమే వచ్చు. చదివింది తెలుగు బడిలో నాలుగు తరగతులు. కనుక ఉత్తరం తెలుగులో రాయాలి. ఖాలా చెప్పడం మొదలుపెట్టారు. వానకు వంటింటి కప్పు కారుతోందన్నారు. చిన్నవాడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడన్నారు. అత్తగారి మోకాలి నొప్పి గురించి, అమ్మేసిన మేకపిల్ల గురించి చెప్పారు. అప్పిచ్చినాయన రెండుసార్లు గడప దాకా వచ్చి వెళ్లాడని, కమ్మలు తాకట్టు పెట్టానని చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. అలా అరగంట చెప్పారు.

మేము రాసింది నాలుగు పంక్తులు. 'ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం. ఖర్చులకు ఇబ్బందిగా ఉంది. వీలైనంత త్వరగా డబ్బు పంపగలరు.' ఖాలా ఒకసారి చదివి వినిపించమన్నారు. వినిపించాం. ఆమె కాసేపు మా ముఖం చూసి, "ఇత్తాచ్ క్యా, బేటా?" అన్నారు. ఇంతేనా నాయనా అని.

ఆ ఒక్క మాట ఇన్నేళ్లయినా మమ్మల్ని వదల్లేదు. అప్పటికి మేము తరగతిలో మొదటి ముగ్గురిలో ఒకరం. తెలుగులో మంచి మార్కులు. దస్తూరి ముత్యాల్లా ఉందని పంతులుగారు మెచ్చుకునేవారు. అయినా ఒక ఇల్లాలి మనసులోని మాటను కాగితం మీద పెట్టలేకపోయాం. కారణం ఒక్కటే. తొమ్మిదేళ్ల చదువులో మా సొంత మాట ఒక్కటి కూడా మాచేత ఎవరూ రాయించలేదు. నల్లబల్ల మీదిది ఎక్కించుకున్నాం. చూచిరాత రాశాం. ఉక్తలేఖనం రాశాం. ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి అప్పజెప్పాం. అదంతా చేతికి పని, మనసుకు కాదు.

గైడులోని నది

ఇప్పుడు ఉత్తరాలు పోయాయి. కువైట్‌లో ఉన్న తండ్రితో పిల్లలు వీడియోలో మాట్లాడుకుంటున్నారు. ఇది సంతోషించదగ్గ విషయమే. కాని రాయవలసిన అవసరం పోయిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. రేషను కార్డులో పేరు తప్పు పడితే అర్జీ రాయాలి. ఉద్యోగం కోసం దరఖాస్తు రాయాలి. అప్పు ఇచ్చినా తీసుకున్నా కాగితం రాయాలి. అన్యాయం జరిగితే జరిగింది జరిగినట్టు వరుసగా రాసి ఇవ్వాలి. అది చేతకానివారు నేటికీ కచేరీ బయట చెట్టు కింద కూర్చున్న మనిషిని వెతుక్కుంటున్నారు. ఆయన రాసిందాని కింద వేలిముద్రో సంతకమో పెడుతున్నారు. తమ గోడు అందులో ఉందో లేదో వారికే తెలియదు.

బడుల్లో పరిస్థితి ఏమంత మారలేదు. 'మా ఊరు' అనే వ్యాసం రాయమంటే పిల్లలు గైడు తెరుస్తారు. ఆ గైడులో ఊరి పక్కన నది ఉంటుంది. కనుక చుక్క నీళ్లకు కటకటలాడే ఊరి పిల్లవాడు కూడా 'మా ఊరి పక్కన నది గలగల పారుచున్నది' అని రాస్తాడు. తరగతిలో నలభై మంది ఉంటే నలభై నదులూ గలగల పారతాయి. పంతులుగారు నలభై టిక్కులు పెడతారు. తన ఊరి బోరింగు దగ్గర తెల్లవారుజామున అమ్మ బిందెతో నిలబడిన సంగతి మాత్రం ఆ పిల్లవాడు ఏనాడూ రాయడు. అది రాయదగ్గ సంగతేనని అతనికి ఎవరూ చెప్పలేదు మరి!

మన పిల్లలకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఇప్పుడు చాలా బడుల్లో ఇంగ్లిషు. అరబీ అక్షరాలు మక్తబ్‌లో నేర్చుకుంటారు, చదవడానికి మాత్రమే. నాలుగు భాషలు చెవిన పడతాయి. ఏ ఒక్క భాషలోనూ పది వాక్యాలు సొంతంగా రాయలేని స్థితి. ఇందుకు పిల్లలను నిందించి ప్రయోజనం లేదు.

కలం మనకు కొత్తది కాదు

తెలుగువారంతా వాడే కలం, కాగితం, అర్జీ, నకలు, జవాబు, రసీదు, దస్తావేజు అన్న మాటలు అరబీ, ఫార్సీ భాషల నుంచి వచ్చినవే. రాతకోతల మాటలను ఇంతగా ఇచ్చిన భాషలను తమవిగా చెప్పుకునే ఇళ్లల్లో రాత తక్కువైందంటే మనం కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

మొట్టమొదట అవతరించిన వచనాల్లోనే చదువు ప్రస్తావన, కలం ప్రస్తావన ఉన్నాయి. 68వ సూరాకు పేరే 'అల్ ఖలమ్'. దివ్య ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన వచనం 'అల్ బఖరా' సూరాలోని 282వది. అది అప్పు వ్యవహారాన్ని రాసి పెట్టుకోవడం గురించి. రాయడం వచ్చినవాడు రాయనని నిరాకరించకూడదని అందులో తాకీదు ఉంది.

హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో జరిగిన బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో కొందరు పరిహారం చెల్లించలేకపోయారు. రాయడం వచ్చినవారు మదీనా పిల్లలకు రాత నేర్పితే అదే వారి పరిహారమయింది. ఒక్కొక్కరు పదిమందికి నేర్పాలన్నది షరతు అని చరిత్రకారుడు ఇబ్నె సాద్ రాశారు. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) రాత తెలిసిన మహిళ. ఆమె విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పినట్లు హదీసుల్లో ఉంది. ఆడపిల్లకు రాత ఎందుకని ఇంకా అడిగేవారు ఈ సంగతి గమనించాలి.

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) దైవప్రవక్త (స) నోట విన్నది విన్నట్టు రాసుకునేవారు. అన్నీ ఎందుకు రాస్తావని కొందరు అభ్యంతరం చెబితే ఆయన ఆగిపోయారు. విషయం తెలిసి దైవప్రవక్త (స) రాయమనే ఆదేశించారు. ఆ రాతల కూర్పు 'సహీఫా సాదిఖా' అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది.

ముందు రాసేది ఉస్తాద్

అందమైన లిపి నేర్పే ఉస్తాదుల పద్ధతి ఒకటుంది. దాన్ని 'మష్ఖ్' అంటారు. ఉస్తాద్ ముందు తాను ఒక పంక్తి రాస్తాడు. శిష్యుడు దాని కింద రాస్తాడు. తప్పిన చోట ఉస్తాద్ మళ్లీ తన చేత్తో రాసి చూపుతాడు. ఇది ఒకనాటితో అయ్యే పని కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. ఉస్తాద్ తలనెరిసినా తన మష్ఖ్ మానడు. ఇక్కడ గ్రహించవలసింది ఏమంటే, ఆ విద్యలో 'నువ్వు రాయి, నేను చూస్తాను' అన్న మాట లేదు. 'నేను రాస్తున్నాను, నువ్వూ రాయి' అన్నదే ఉంది.

సొంత మాట రాసుకున్న ఉపాధ్యాయులూ మనకు ఉన్నారు. పదకొండో శతాబ్దంలో బాగ్దాద్‌లో అబూ అలీ ఇబ్నుల్ బన్నా అనే పండితుడు ఉండేవారు. ఖుర్ఆన్, హదీసు బోధించడం ఆయన వృత్తి. ఆయన స్వహస్తంతో రాసుకున్న దినచర్యలో కొంత భాగం చెక్కుచెదరకుండా నిలిచింది. అది 1068, 1069 సంవత్సరాల నాటిది. దాన్ని జార్జ్ మక్దిసీ అనే పరిశోధకుడు 1956, 57లలో అచ్చువేయించారు. ఊళ్లో ఎవరు పోయారు, ఏ పండితుల మధ్య తగవు వచ్చింది, తనకూ ఇతరులకూ ఏ కల వచ్చింది వంటి సంగతులు అందులో ఉన్నాయి. ఆయన తనకోసం రాసుకున్న ఆ పుటలే తొమ్మిది వందల ఏళ్ల తర్వాత నాటి బాగ్దాద్ బతుకును మనకు చూపిస్తున్నాయి.

ఇప్పుడు మన ఉపాధ్యాయుల సంగతి చూద్దాం. వారు ఏమీ రాయరని మేమనడం లేదు. రాస్తూనే ఉంటారు. హాజరు పట్టిక, పాఠ్య ప్రణాళిక, మార్కుల జాబితా, మధ్యాహ్న భోజనం లెక్క... ఇలా చేతికి ఖాళీ ఉండదు. కాని వాటిలో ఏదీ వారి సొంత మాట కాదు. శిక్షణ కళాశాల వదిలాక సొంతంగా ఒక పేజీ రాయని ఉపాధ్యాయులు ఎందరో! తాను ఈదని మనిషి గట్టున నిలబడి ఈత నేర్పితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఈ సంగతిని వేరే దేశాలవారూ గుర్తించారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో 1974లో జేమ్స్ గ్రే అనే ఆయన ఉపాధ్యాయుల కోసం ఒక వేసవి శిక్షణ మొదలుపెట్టారు. రాత నేర్పే ఉపాధ్యాయుడు ముందు తాను రాయాలన్నదే దాని మూలసూత్రం. అక్కడ ఉపాధ్యాయులు రాసి, ఒకరిది ఒకరికి చదివి వినిపించుకునేవారు. అదే తర్వాత ఆ దేశమంతటా వ్యాపించింది.

అంతకు యాభై ఏళ్ల ముందు ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రేనే అనే పల్లెటూరి పంతులు ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ఊపిరితిత్తులకు గాయమయింది. తరగతిలో గంటల తరబడి మాట్లాడే శక్తి లేదు. అందుకని పిల్లలను ఊరి మీదికి తీసుకుపోయేవారు. పొలాలు, పనివాళ్లు, పురుగూపుట్రా అన్నీ చూసి వచ్చాక చూసిందాన్ని పిల్లలచేత రాయించేవారు. 1924లో చిన్న అచ్చుయంత్రం ఒకటి కొని తరగతిలోనే పెట్టారు. పిల్లలు తమ మాటలను తామే అక్షరాలు పేర్చి అచ్చువేశారు. సముద్ర తీరంలో ఉన్న మరో బడి పిల్లలకు వాటిని పంపితే అక్కడివాళ్లు తమ సంగతులు రాసి పంపారు. తమ రాత చదివే మనిషి ఒకడు ఉన్నాడని తెలిస్తే చాలు, పిల్లలకు రాయాలనే కోరిక దానంతట అదే పుడుతుంది.

పది నిమిషాలు చాలు

మరి మన బడుల్లో ఏం చేయవచ్చు? అచ్చుయంత్రం అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకం, రోజూ పది నిమిషాలు చాలు. మొదటి పిరియడ్ మొదట్లో అయితే మరీ మంచిది. వేళ మారకూడదు. పరీక్షలున్నా, పండుగ ముందురోజయినా మానకూడదు. ఐదు పూటలా వేళకు లేచే అలవాటున్న ఇళ్లకు నియమం అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. ఎక్కువ రాయడం కన్నా ఏ రోజూ తప్పకుండా రాయడం ముఖ్యం.

ఆ పది నిమిషాలూ ఉపాధ్యాయుడు కుర్చీలో కూర్చుని తన నోటుపుస్తకంలో తానూ రాయాలి. ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. హాజరు పట్టిక నింపుకుంటూ పిల్లలను రాయమంటే ఆ మర్నాటికే అది పరీక్షలా తయారవుతుంది. అయ్యాక ముందు తాను రాసింది చదివి వినిపించాలి. 'ఈరోజు బస్సు తప్పిపోయింది, నడిచి వచ్చాను, చెప్పు తెగింది' అని సారు చదివితే పిల్లలు నవ్వుతారు. ఇలాంటివి కూడా రాయవచ్చన్నమాట అని వాళ్లకు ధైర్యం వస్తుంది. ఆ తర్వాత ఇష్టమున్న ఇద్దరు ముగ్గురు చదువుతారు. ఇష్టం లేనివారిని బలవంతం చేయకూడదు. ఎవరికీ చూపదలచని పుట ఉంటే దాన్ని మడిచి పెట్టుకోనివ్వాలి. మడిచిన పుట సారు కూడా తెరవడన్న నమ్మకం వారికి కలగాలి.

ఏం రాయాలన్న ప్రశ్న మొదటి వారంలో తప్పక వస్తుంది. 'ఏమీ తోచడం లేదు సార్' అనే పిల్లవాడికి పెద్ద విషయాలు ఇవ్వకూడదు. ఈ ఉదయం మీ ఇంట్లో మొదట ఎవరు లేచారు? సహరీకి నిన్ను ఎవరు లేపారు? మీ నాన్న చేతిలో ఏ పనిముట్టు ఉంటుంది? మీ నానీ ఏ మాట తరచూ అంటుంది? ఇలా అడిగితే చాలు. ఐదు పంక్తులు దానంతట అవే వస్తాయి. సైకిలు రిపేరు చేసే తండ్రి బిడ్డకు పంక్చరు వేయడం తెలుసు. దూదేకుల ఇంటి బిడ్డకు పరుపు కుట్టడం తెలుసు. అది గైడులో దొరకని విద్య.

మూడు అభ్యంతరాలు

సిలబస్సు ఎప్పుడు పూర్తవుతుందన్నది మొదటి అభ్యంతరం. రోజుకు పది నిమిషాల చొప్పున రెండు వందల పనిదినాలకు అయ్యేది ముప్పై మూడు గంటలు. రోజుకు ఐదు పంక్తుల చొప్పున ఏడాదికి వెయ్యి పంక్తులు. వెయ్యి పంక్తులు సొంతంగా రాసిన పిల్లవాడు పరీక్షలో జవాబు రాయడానికి జంకుతాడా? ఆలోచించండి.

నలభై నోటుపుస్తకాలు దిద్దేదెలా అన్నది రెండోది. దిద్దవద్దు, చదవండి. రోజుకు ఎనిమిది చొప్పున తీసుకుంటే ఐదు రోజుల్లో అందరివీ అవుతాయి. ఎర్రసిరా పక్కన పెట్టి, చదివినట్టు గుర్తుగా ఒక మాట రాయండి. 'మేకపిల్ల తర్వాత ఏమయింది?' అని అడిగితే, ఆ పిల్ల మర్నాడు దాని జవాబు రాస్తుంది. ఎక్కువమంది చేసే తప్పులు రెండు మూడు గుర్తుపెట్టుకుని, ఎవరి పేరూ ఎత్తకుండా మర్నాడు నల్లబల్ల మీద చెప్పండి. ఒత్తులు, గుణింతాలు వాటంతట అవే దారికి వస్తాయని మేమనం. కాని రోజూ రాసేవాడి తప్పును దిద్దవచ్చు. రాయనివాడిలో దిద్దడానికి ఏముంది?

ఏ భాషలో రాయాలన్నది మూడోది. వాళ్లకు చేతనైన దానిలో రాయనివ్వండి. తెలుగు వాక్యంలో 'నానీ', 'ఖాలా', 'దస్తర్‌ఖాన్' వస్తే రానివ్వండి. అమ్మ అన్న మాట ఉర్దూలో ఉంటే తెలుగు అక్షరాల్లో అలాగే పెట్టనివ్వండి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' 1999లో పుస్తకంగా వచ్చింది. నెల్లూరు జిల్లాలోని మన ఇళ్లు, అక్కడి అమ్మలూ నానీలూ, వారి మాట తీరూ అందులో ఉన్నాయి. తెలుగు పాఠకులందరూ దాన్ని తమ పుస్తకంగా చదువుకున్నారు. ఇంటి మాట రాతకు పనికిరాదన్న సంకోచం ఇక మనకెందుకు?

ఇంట్లో కూడా

బడి ఒక్కటే చాలదు. ఇషా తర్వాత టీవీయో, ఫోనో పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ పది నిమిషాలు కూర్చోగలిగితే మేలు. తల్లికి రాయడం రాకపోతే ఆమె చెబుతూ ఉంటే బిడ్డ రాయాలి. అలా రాసేటప్పుడు ఆమె మాటను కుదించకూడదు, అందంగా మార్చకూడదు. చెప్పింది చెప్పినట్టు రాసి తిరిగి చదివి వినిపించాలి. తన మాట కాగితం మీద నిలవడం చూసిన తల్లి, కొన్నాళ్లకు తానే కలం పట్టుకుంటానన్నా ఆశ్చర్యం లేదు. మదీనాలో ఖైదీల దగ్గరే రాత నేర్చుకోగా, సొంత బిడ్డ దగ్గర నేర్చుకోవడంలో చిన్నతనం ఏముంది?

మక్తబ్‌లో చెప్పే మౌల్వీ సాహెబులకు, బడుల్లోని ఉపాధ్యాయ సోదర సోదరీమణులకు మాదొక మనవి. రేపటి నుంచే ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. ముందు ఒక నెల మీరు రాయండి. పిల్లలకు చెప్పవద్దు, వాళ్లు చూసేలా రాయండి. ఏం రాస్తున్నారు సార్ అని వాళ్లే వచ్చి అడుగుతారు. అప్పుడు మొదలుపెట్టండి.

ఆ ఖాలా ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆమెకు జన్నత్ ప్రసాదించుగాక! ఆ నాలుగు పంక్తుల ఉత్తరం చదువుకున్న భర్తకు ఇంటి కప్పు కారుతున్న సంగతి తెలియలేదు. కొడుకు గోడ పట్టుకుని నిలబడిన సంగతీ తెలియలేదు. డబ్బు కావాలన్నది ఒక్కటే తెలిసింది. ఆ పాపంలో మా వాటా ఉంది. నేటి పిల్లల్లో ఒక్కడు రోజూ రాసి రాసి, రేపు ఒక తల్లి అరగంట చెప్పిన మాటను పొల్లు పోకుండా కాగితం మీద పెట్టి చదివి వినిపిస్తే, ఆమె 'ఇంతేనా' అని అడగదు. 'అవును బేటా, ఇదే నేను చెప్పింది' అంటుంది.